పై అంతస్తు పడకగది చల్లబడాలంటే ముందు స్లాబ్, ఆ తర్వాతే ఏసీ

హైదరాబాద్‌లో డూప్లెక్స్ ఇల్లో, జీ ప్లస్ వన్ ఇల్లో ఉన్నవాళ్లందరికీ ఏప్రిల్ వచ్చేసరికి ఇది అనుభవమే. కింద హాల్లో ఫ్యాన్ వేసుకుని కూర్చుంటే పర్వాలేదనిపిస్తుంది. మెట్లెక్కి పై పడకగది తలుపు తీయగానే మొహానికి సెగ కొడుతుంది. ఏసీ వేసి 18లో పెట్టినా రాత్రి ఒంటిగంట దాకా గది దారికి రాదు, నెలాఖరుకు కరెంటు బిల్లు మాత్రం వచ్చేస్తుంది. వనస్థలిపురంలో మాది అలాంటి ఇల్లే. కింద ఒక్కటే పడకగది, మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని నాన్న అందులో ఉంటారు. అమ్మ పై గదిలో పడుకుంటుంది. అర్ధరాత్రి దిండు తీసుకుని కింద హాల్లోకి వచ్చి చాప వేసుకున్న అమ్మను చూశాకే నేను ఈ పని పట్టుకున్నాను. గది దారికి రావడానికి మూడు వేసవులు పట్టింది. మీకు అంతకాలం పట్టకూడదని ఒక వరసలో చెబుతున్నాను. వీలైతే ఆ వరస తప్పకుండా చేయండి. చాలామంది చివర చేయాల్సిన పని, అంటే పెద్ద ఏసీ కొనడం, ముందే చేసేసి డబ్బు పోగొట్టుకుంటున్నారు.

1. చెయ్యి ఆనించి చూడండి

రాత్రి తొమ్మిదింటికి, ఏసీ వేయకముందు, ఫ్యాన్ ఆపేసి గట్టి స్టూల్ ఎక్కి అరచెయ్యి పైకప్పుకు ఆనించండి. తర్వాత అదే చెయ్యి పడమటి గోడకు, తూర్పు గోడకు, కిటికీ అద్దానికి ఆనించి చూడండి. మా గదిలో తూర్పు గోడ మామూలుగా ఉంది, పడమటి గోడ గోరువెచ్చగా ఉంది, పైకప్పు మాత్రం అప్పుడే ఇస్త్రీ చేసి పక్కన పెట్టిన చొక్కాలా వెచ్చగా తగిలింది. సూర్యుడు అస్తమించి రెండు గంటలు దాటాక కూడా!

ఇలా ఎందుకంటే, నాలుగైదు అంగుళాల కాంక్రీట్ స్లాబ్ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండను తాగుతుంది, ఆ వేడి లోపలి వైపు దిగడానికి గంటలు పడుతుంది. పైన ఎండ తగ్గేసరికి కింద సెగ మొదలవుతుంది, అదీ సరిగ్గా మనం పక్క వేసుకునే వేళకు. పైగా హైదరాబాద్ ఉన్న అక్షాంశం 17 డిగ్రీల చిల్లర కాబట్టి మే 9 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, నిలబెట్టిన కర్రకు నీడే పడదు. అంటే ఆ రోజుల్లో ఎండ దెబ్బ ఎక్కువగా తినేది గోడలు కాదు, డాబా. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, అదే ఎండ రోజంతా మీ పడకగది నెత్తిన కాస్తోంది.

ఏసీ గాలిని చల్లబరుస్తుంది. పైకప్పు నుంచి ఒంటి మీదికి దిగే సెగను గాలి ఆపలేదు. రిమోట్ మీద 24 కనిపిస్తున్నా పడుకున్నవాళ్లకు ఉక్కగా ఉందంటే కారణం ఇదే. కాబట్టి పైకప్పు వేడిగా తగిలితే రెండో పనికి వెళ్లండి. పైకప్పు మామూలుగానే ఉండి గోడ కాలుతుంటే మూడో పని దగ్గర మొదలుపెట్టండి.

2. డాబా మీద తెలుపు

డబ్బు పెట్టదలుచుకుంటే మొదటి రూపాయి ఇక్కడ పెట్టండి. తెల్లటి డాబా ఎండలో చాలా భాగాన్ని వెనక్కి కొట్టేస్తుంది, సిమెంటు రంగు డాబా ఎక్కువ భాగం మింగేస్తుంది. తేడా తెలియాలంటే నాలుగు బారల చోటు తెల్లగా పూసి, ఆరాక ఒక మధ్యాహ్నం మూడింటికి దాని మీద ఒక చెయ్యి, పక్కన పూయని చోట ఇంకో చెయ్యి పెట్టండి. పూయని చోట చెయ్యి రెండు క్షణాలు కూడా ఆగదు. ప్రభుత్వం కూడా 2023లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాల్లో కట్టే ఇళ్లకు అది తప్పనిసరి, చిన్న స్థలాల వాళ్లకు వాళ్ల ఇష్టం. నా మాటగా చెప్పాలంటే 150 గజాల ఇల్లున్నవాళ్లకే దీని అవసరం ఎక్కువ, ఎందుకంటే మనకు చుట్టూ చెట్లు పెంచుకునే జాగా ఉండదు.

మూడు దారులున్నాయి. చవకైనది సున్నం. రాత్రి నీళ్లలో నానబెట్టి, పొద్దున గుడ్డలో వడకట్టి, అంటుకుని ఉండడానికి కాస్త వైట్ సిమెంటు, కాస్త ఫెవికాల్ కలిపి పూస్తారు. డాబాను ముందు రోజే ఊడ్చి, నాచు ఉంటే గీకి, కడిగి ఆరబెట్టండి. పూసే ముందు నేల కొద్దిగా తడిపి, ఎండ దిగాక సాయంత్రం పూట ఒక పూత, మర్నాడు ఇంకో పూత వేయండి. కాలే స్లాబ్ మీద పూస్తే పొడిలా రాలిపోతుంది. సున్నం కంట్లో పడితే చాలా ప్రమాదం, కళ్లద్దాలు, చేతులకు తొడుగులు లేకుండా ఈ పని ముట్టుకోవద్దు, పిల్లల్ని పైకి రానివ్వొద్దు. వానాకాలంలో సున్నం కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా ఉగాదికి ముందే మళ్లీ పూయాలి.

రెండోది డబ్బాల్లో దొరికే కూల్ రూఫ్ పెయింట్. ఖర్చు ఎక్కువే గానీ కొన్నేళ్లు నిలుస్తుంది, వాటర్ ప్రూఫింగ్ కూడా ఉన్న రకం తీసుకుంటే వానకు చెమ్మ దిగే సమస్య కూడా తగ్గుతుంది. మూడోది తెల్ల టైల్స్. కొత్తగా కడుతున్నవాళ్లు, ఎలాగూ డాబా బాగు చేయిస్తున్నవాళ్లు దీనికే వెళ్లండి. ఏది వేసినా మన ఊరి దుమ్ముకు నెల తిరిగేసరికి తెలుపు బూడిద రంగైపోతుంది, పక్కన ఎక్కడో ఒకచోట ఇల్లు కడుతూనే ఉంటారు కదా. మార్చి నుంచి మే దాకా నెలకోసారి చీపురుతో రుద్ది కడగండి. దుమ్ము పట్టిన తెలుపు అంత బాగా పనిచేయదు.

సాయంత్రం డాబా మీద బకెట్లకు బకెట్లు నీళ్లు పోయడం చాలా ఇళ్లల్లో అలవాటు. నీళ్లు ఆవిరైనంతసేపు చల్లబడుతుంది, నిజమే. కానీ మే నెలలో బోర్లు ఎండి ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఊళ్లో రోజూ అన్ని నీళ్లు పోయడం నాకు మనసొప్పదు, మీకూ వద్దనే చెబుతాను.

తెలుపు వేశాక ఇంకా చేయగలిగితే పడకగది నెత్తిన ఉన్న భాగం వరకైనా గ్రీన్ నెట్ పందిరి వేయండి. నెట్ స్లాబ్‌కు ఆనుకుని ఉండకూడదు, ఆరేడు అడుగుల ఎత్తున ఉంటే కింద నుంచి గాలి పోతుంది, అమ్మకు వడియాలు పెట్టుకోవడానికి పక్కన ఎండ చోటూ మిగులుతుంది. మే నెల ఈదురుగాలులకు నెట్ బలంగా లాగుతుంది కాబట్టి పైపులు పిట్టగోడకు క్లాంపులతో బిగించండి, ఇటుకల బరువును నమ్ముకోకండి. మొక్కల కుండీలు పెట్టేవాళ్లు దూలాలు, గోడల మీదికి బరువు పడేలా సర్దండి, గది నడిమధ్యన మట్టి దిబ్బలు పెట్టొద్దు.

ఫాల్స్ సీలింగ్ గురించి చాలామంది అడుగుతారు. ఉత్త పీఓపీ వేస్తే కాసేపటికి అదీ వేడెక్కి కూర్చుంటుంది. వేయించక తప్పదంటే దాని పైన ఇన్సులేషన్ షీట్ కూడా వేయించండి. ఎండను డాబా మీదే ఆపడం, లోపలికి వచ్చాక ఆపడం కంటే ఎప్పుడూ మేలు.

3. పడమటి గోడ, కిటికీలు

ఇది చిన్న పని. ఎండ అద్దం దాటాక లోపల ఎంత మందపాటి కర్టెన్ వేసినా ఆ వేడి గదిలోకి వచ్చేసినట్టే. అందుకే అడ్డు బయట ఉండాలి. వెదురు తడిక గానీ, నెట్ గానీ, కిటికీ మీద ఓ రెండడుగుల సన్‌షేడ్ గానీ బయటి వైపు పెట్టించండి. వట్టివేళ్ల తడిక దొరికితే ఏప్రిల్ పొడిగాలికి దాన్ని తడిపి పెట్టుకోవచ్చు, అది మాత్రం కిటికీలు తెరిచి ఉన్న వేళకే, ఏసీ నడిచేటప్పుడు కాదు.

4. మెట్ల దారి మూయండి

డూప్లెక్స్ ఇళ్లల్లో ఎవరూ పట్టించుకోని సంగతి ఇది. చల్లగాలి బరువు, అది మెట్ల మీదుగా కిందికి జారిపోతుంది. కింద వంటింటి వేడితో సహా తేలికైన వేడిగాలి అదే దారిన పైకి ఎక్కుతుంది. మీరు పడకగది తలుపు వారగా తీసి ఉంచి ఏసీ వేస్తే ఇంటి మొత్తాన్ని చల్లబరచమని ఆ చిన్న ఏసీని అడిగినట్టే. మెట్ల పైమెట్టు దగ్గర తలుపు పెట్టించగలిగితే సరే, లేకపోతే నేల దాకా దిగే మందపాటి కర్టెన్ చాలు. మేం చేసింది కర్టెనే.

తర్వాత గదిలో చిల్లులు వెతకండి. తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ, స్లైడింగ్ కిటికీల్లో అరిగిపోయిన బ్రష్ పట్టీలకు కొత్తవి, అటాచ్డ్ బాత్రూం తలుపు మూసి ఉంచడం, ఇవన్నీ మామూలే. మా గదిలో దొంగదారి ఒకటి చీమలు చూపించాయి. ఏసీ వెనక గోడలోంచి వరసగా దిగుతుంటే యూనిట్ పక్కన టార్చ్ వేసి చూశాను. కాపర్ పైపు కోసం గోడకు చేసిన రంధ్రం చుట్టూ రెండు వేళ్లు పట్టే ఖాళీ ఉంది, వేలు పెడితే బయటి వేడిగాలి సన్నగా తగులుతోంది. బిగించినవాళ్లు పుట్టీ పెట్టకుండానే వెళ్లిపోయారన్నమాట. మీదీ ఒకసారి చూడండి.

5. ఇప్పుడు ఏసీ

ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూల వేడిని బయటికి తోసే శక్తి, సుమారు 3.5 కిలోవాట్లు. కింది అంతస్తులో 10 బై 12 గదికి ఒక టన్ను సరిపోతుంది. అదే గది నెత్తిన ఎండ తినే స్లాబ్, పక్కన పడమటి గోడ ఉంటే ఒకటిన్నర టన్ను కావాలి. డాబాకు తెలుపు వేశాక ఒక వేసవి చూసి అప్పుడు నిర్ణయించుకోండి, ఒక టన్నే సరిపోవచ్చు. రెండు టన్నులు అక్కర్లేదు. కొనేది ఇన్వర్టర్ ఏసీ, అంటే అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం తగ్గించుకునే రకం, అయ్యుండాలి. రోజుకు ఎనిమిది గంటలు వాడేవాళ్లు ఐదు నక్షత్రాల వైపే మొగ్గండి, స్టార్ లేబుల్ మీద సంవత్సరం కూడా చూడండి, ఎందుకంటే కొన్నేళ్లకోసారి ఆ కొలమానం కఠినం అవుతుంది, పాత ఐదు నక్షత్రాలు కొత్త లెక్కలో నాలుగో మూడో అవుతాయి.

అవుట్‌డోర్ యూనిట్ ఎక్కడ పెట్టారన్నది ఏసీ కంపెనీ పేరు కంటే ముఖ్యం. సులువని డాబా మీద పెట్టేస్తుంటారు. ఏసీల సామర్థ్యాన్ని బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు కొలుస్తారు, మే మధ్యాహ్నం కాలుతున్న స్లాబ్ పక్కన ఉండే గాలి వేడి అంతకు ఎంతో ఎక్కువ. అంత వేడిగాలిలోకి గది వేడిని తోయడానికి కంప్రెసర్ అవస్థ పడుతుంది, చల్లదనం తగ్గుతుంది, కరెంటు ఎక్కువ తాగుతుంది. ఉత్తరపు గోడకు గానీ తూర్పు గోడకు గానీ బ్రాకెట్ వేయించండి. డాబానే దిక్కయితే రెండడుగుల స్టాండ్ మీద పెట్టి, పైన నాలుగడుగుల ఎత్తున నీడ వేయండి, ముందు వైపు వేడిగాలి పోయే దారికి ఏదీ అడ్డు లేకుండా చూడండి. యూనిట్‌ను గోనెపట్టాతోనో కవర్‌తోనో కప్పడం మాత్రం వద్దు, ఊపిరాడనట్టే. ఇంకో మాట, గోడకు బిగించేటప్పుడు గానీ సర్వీసుకు వచ్చినప్పుడు గానీ సేఫ్టీ బెల్టు లేకుండా ఏ కుర్రాడినీ పిట్టగోడ దాటనివ్వకండి. మన ఇంటి చల్లదనం కోసం ఒకరి ప్రాణం పణంగా పెట్టకూడదు.

వైరింగ్ విషయంలో రాజీ పడొద్దు. ఒకటిన్నర టన్ను ఏసీకి మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, విడిగా ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే ఆగిపోయే స్విచ్) ఉండాలి. ప్లగ్ టాప్ వేడెక్కుతున్నా, సాకెట్ అంచు గోధుమ రంగుకు తిరిగినా అదే రోజు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. సాయంత్రాలు మీ వీధిలో వోల్టేజ్ పడిపోతుంటే స్టెబిలైజర్ పెట్టించండి.

6. గ్యాస్ అయిపోయిందన్న మాట నమ్మేముందు

ఇక్కడ నేను నష్టపోయాను, అందుకే వివరంగా చెబుతున్నాను. వరసగా రెండేళ్లు ఏప్రిల్‌లో మెకానిక్ రావడం, గ్యాస్ అయిపోయిందనడం, నింపి డబ్బు తీసుకోవడం, మళ్లీ ఏడాదికి అదే మాట. ఏసీలో గ్యాస్ వంటగ్యాస్‌లా ఖర్చయ్యేది కాదు. ఆ గొట్టాల్లోనే తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందనే అర్థం. మూడో ఏడు వచ్చిన పెద్దాయన గ్యాస్ డబ్బా దించకముందే గిన్నెలో సబ్బునీళ్లు అడిగాడు. అవుట్‌డోర్ యూనిట్ దగ్గర పైపు కలిసే నట్ మీద స్పాంజితో నురగ పెట్టి, నన్ను వంగి చూడమన్నాడు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఆవగింజంత బుడగ ఒకటి మెల్లగా ఉబ్బి పగిలింది, అదే చోట ఇంకోటి. ఆ పైపు చివర కోసి, కొత్తగా ఫ్లేర్ చేసి, అంటే అంచు విప్పార్చి, నట్ బిగించి, వాక్యూమ్ పంపు పెట్టి ఇరవై నిమిషాలు గాలీ చెమ్మా లాగేసి, అప్పుడు తూకం వేసి గ్యాస్ ఎక్కించాడు. ఆ తర్వాత మళ్లీ గ్యాస్ మాట రాలేదు.

కాబట్టి మీరు అడగాల్సింది మూడే మాటలు. లీకు ఎక్కడుందో చూపించండి. వాక్యూమ్ పంపు తెచ్చారా? గ్యాస్ తూకం వేసి ఎక్కిస్తారా? ఇప్పుడు వచ్చే చాలా ఏసీల్లో ఉండే ఆర్32 అనే గ్యాస్‌కు కొంత మండే గుణం ఉంది, గ్యాస్ పనులు జరిగేటప్పుడు దగ్గర్లో మంట, సిగరెట్ ఉండకూడదు.

చల్లదనం తగ్గిన ప్రతిసారీ గ్యాసే కారణం కాదు. ఫిల్టర్ జాలీలు ఏప్రిల్, మే నెలల్లో పదిహేను రోజులకోసారి తీసి కుళాయి కింద కడిగి నీడలో ఆరబెట్టండి, ఐదు నిమిషాల పని. అవుట్‌డోర్ కాయిల్‌ను సీజన్ మొదట్లో మెయిన్ ఆపేసి మెల్లటి ధారతో కడిగించండి. ఏప్రిల్‌లో డ్రెయిన్ పైపు నుంచి నీళ్లు తక్కువ కారుతున్నాయని కంగారు పడొద్దు, అప్పుడు గాలిలో తేమ తక్కువ, అంతే.

7. రోజూ చేయాల్సింది

పొద్దున ఏడున్నర, ఎనిమిదింటికల్లా పై గది కిటికీలు, కర్టెన్లు మూసేయండి. ఎండెక్కాక కిటికీ తెరిస్తే వచ్చేది వడగాలే. సాయంత్రం ఏడు దాటాక చెయ్యి బయట పెట్టి చూడండి, బయట గాలి గదికంటే చల్లగా ఉంటే ఎదురెదురు కిటికీలు తెరిచి ఫ్యాన్ వేయండి. మన ఊరు దక్కన్ పీఠభూమి మీద ఉండబట్టి చాలా రాత్రులు గాలి ఆడుతుంది, కోస్తా వాళ్లకు ఆ అదృష్టం తక్కువ. పోగైన వేడిని ఆ గంట, గంటన్నరలో ఉచితంగా బయటికి పంపేయవచ్చు.

పడుకోవడానికి ముప్పావుగంట ముందు కిటికీలు మూసి ఏసీ 24లో వేయండి. గది 36లో ఉన్నప్పుడు 18 పెట్టినా 24 పెట్టినా కంప్రెసర్ మొదట పూర్తి వేగంతోనే నడుస్తుంది, 18 పెడితే త్వరగా చల్లబడదు, ఆగాల్సిన చోట ఆగదు, అంతే తేడా. పక్క ఎక్కాక 26 చేసి సీలింగ్ ఫ్యాన్ నెమ్మదిగా తిప్పండి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్రంలోని ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతుంది, 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు 24 దగ్గరే మొదలయ్యేలా చేసిందీ వాళ్లే. లెక్క వేసుకోండి. ఒకటిన్నర కిలోవాట్లు తీసుకునే ఏసీ వేడి స్లాబ్ కింద రాత్రంతా ఆగకుండా నడిస్తే ఎనిమిది గంటలకు 12 యూనిట్లు, నెలకు 360. గృహజ్యోతి ఉచిత కరెంటు పథకం ఉన్న ఇళ్లకు 200 యూనిట్లు దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాల్సి వస్తుంది, లేనివాళ్లకు వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటే పెరుగుతుంది. స్లాబ్ చల్లగా ఉంటే అదే ఇన్వర్టర్ ఏసీ గంట తర్వాత సగం వేగానికి దిగుతుంది.

ఇంకో చిక్కుంది. ఏసీ ఉష్ణోగ్రత చూసే సెన్సర్ లోపలి యూనిట్‌లోనే, అంటే వేడి పైకప్పుకు అడుగు దూరంలో ఉంటుంది. మంచం దగ్గర చలి వేస్తున్నా దానికి ఇంకా వేడే. కొన్ని రిమోట్లలో రిమోట్ ఉన్న చోట వేడిని కొలిచే మీట ఉంటుంది, అది నొక్కి రిమోట్‌ను తలగడ పక్కన పెట్టుకోండి. టైమర్ తెల్లవారుజామున ఐదింటికి ఆగేలా పెట్టి, లేవగానే కిటికీలు తెరవండి. రోజు మొత్తంలో బాగా చల్లటి గాలి అప్పుడే.

కూలర్, ఏసీ కలిపి ఒకే గదిలో వేయొద్దు. కూలర్ తేమ పోస్తుంది, ఏసీ ఆ తేమను పిండడానికే కరెంటు ఖర్చు పెడుతుంది. కూలర్‌ను మధ్యాహ్నం పూట కింద హాల్లో, కిటికీ తెరిచి వాడుకోండి. ఇంట్లో పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఉంటే మధ్యాహ్నం పన్నెండు నుంచి ఐదు దాకా వాళ్లను ఎలాగూ కిందే ఉంచాలి. అమ్మ ఇప్పుడు భోజనం కాగానే కింద నాన్న గదిలోనే నడుం వాల్చి, రాత్రి తొమ్మిదింటికి పైకి వెళుతుంది.

రాత్రి కరెంటు పోయే రోజు కోసం ముందే అనుకుని ఉంచుకోండి. ఇంటి బ్యాటరీ ఇన్వర్టర్ ఫ్యాన్లకే, ఏసీ లైను దానికి కలపొద్దు. వెంటనే కిటికీలు తెరవకండి, మూసిన గది అరగంట దాకా చల్లదనం పట్టి ఉంచుతుంది. అరగంట దాటినా రాకపోతే పెద్దవాళ్లను కిందికి దించి అక్కడే పక్క వేయండి, టార్చ్ ఒకటి పైమెట్టు దగ్గరే వేలాడదీసి ఉంచండి. కరెంటు వచ్చాక ఏసీ మూడు నిమిషాలు ఆగి మొదలవుతుంది, పాడైందనుకుని రిమోట్ పదే పదే నొక్కొద్దు.